రిక్రూటర్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది: ఉద్యోగార్థి తెలుసుకోవలసిన లెక్కలు

ఉద్యోగం మారాలనుకునేవారికి రిక్రూటర్లపై ఉండే ఫిర్యాదులు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. పొద్దుటి నుంచి వరుసగా ఫోన్లు చేసి వివరాలన్నీ తీసుకున్నవారు ఇంటర్వ్యూ పూర్తయ్యాక ఫోన్ ఎత్తరు. రెజ్యూమెలో జావా అన్న పదం కనిపిస్తే చాలు, పేరులో తప్ప దానితో పోలిక లేని మరో ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఉద్యోగానికి కూడా పిలుస్తారు. కంపెనీ ఎంత జీతం ఇవ్వగలదో చెప్పరు గానీ, మన జీతం మాత్రం పే స్లిప్పులతో సహా అడుగుతారు. ఈ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. అయితే వీటిని మనుషుల మర్యాదకు సంబంధించిన లోపాలుగా చూసినంతకాలం వీటి మూలం మనకు దొరకదు. రిక్రూటర్ ప్రవర్తనలో చాలా భాగం, వారికి డబ్బు ఎవరు, ఎప్పుడు, ఏ షరతు మీద చెల్లిస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఆ లెక్క తెలిసిన ఉద్యోగార్థికి తన ప్రయోజనమూ రిక్రూటర్ ప్రయోజనమూ ఎంతదూరం కలిసి నడుస్తాయో, ఏ మలుపు దగ్గర విడిపోతాయో ముందే తెలుస్తుంది. హైదరాబాద్ ఐటీ నియామకాలను ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని ఆ లెక్కను ఇక్కడ విప్పి చూద్దాం.

మనం రిక్రూటర్ అని ఒకే పేరుతో పిలిచేవారిలో నిజానికి నాలుగైదు రకాలవారు ఉన్నారు. కంపెనీలోనే ఉద్యోగులుగా ఉంటూ ఆ కంపెనీకి మాత్రమే మనుషులను వెతికేవారు ఒక రకం. చూడటానికి వీరిలాగే కంపెనీ ఈమెయిల్‌తో మాట్లాడుతూ, వాస్తవానికి బయటి సంస్థ తరఫున ఒప్పందం మీద అక్కడ పనిచేసేవారు రెండో రకం. అనేక కంపెనీలకు అభ్యర్థులను పంపి, వారిలో ఎవరైనా చేరితేనే ఫీజు తీసుకునే కన్సల్టెన్సీలు మూడో రకం. పెద్ద పదవులకు మాత్రమే పనిచేస్తూ ఫీజులో కొంత భాగాన్ని ముందుగానే తీసుకునే సెర్చ్ సంస్థలు నాలుగో రకం. ఇక మనిషిని తమ పేరోల్ మీద, అంటే తాము జీతమిచ్చే ఉద్యోగుల జాబితాలో పెట్టుకుని, క్లయింటు దగ్గర పనిచేయించి, క్లయింటు ఇచ్చే రేటుకూ ఉద్యోగికి ఇచ్చే జీతానికీ మధ్య తేడాను ఆదాయంగా చూసుకునే స్టాఫింగ్ కంపెనీలు మరో రకం. ఫోన్ వచ్చిన మొదటి నిమిషంలోనే, మాట్లాడుతున్నది వీరిలో ఎవరో అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు. "మీరు కంపెనీ టీమ్ నుంచా, కన్సల్టెన్సీ నుంచా? నేను ఎవరి పేరోల్ మీద ఉంటాను?" అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే, మూడో ప్రశ్న అడగవలసిన అవసరం కూడా ఉండదు.

ఎక్కువమందికి ఎదురయ్యేది మూడో రకమే కాబట్టి వారి లెక్కను కాస్త నిదానంగా చూడాలి. మన దేశంలో కన్సల్టెన్సీ ఒప్పందాల్లో తరచుగా కనిపించే ఫీజు, అభ్యర్థి వార్షిక సీటీసీలో, అంటే కంపెనీ ఆ ఉద్యోగిపై ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో 8.33 శాతం. వినడానికి వింతగా ఉన్నా అది పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. అనుభవం ఎక్కువ అవసరమైన ఉద్యోగాలకూ, మనుషులు సులభంగా దొరకని నైపుణ్యాలకూ ఈ శాతం పెరుగుతుంది. 12 లక్షల రూపాయల సీటీసీతో ఒకరు చేరితే కన్సల్టెన్సీకి దాదాపు లక్ష రూపాయలు వస్తాయి. అయితే ఆ లక్ష ఆఫర్ లెటర్ ఇచ్చిన రోజున రాదు. అభ్యర్థి చేరాలి, ఆ తర్వాత బిల్లు పంపాలి, కంపెనీ తన గడువు ప్రకారం చెల్లించాలి. చేరిన మనిషి నిర్ణీత కాలంలో, అంటే సాధారణంగా రెండు మూడు నెలల్లో మానేస్తే, అదనపు ఫీజు లేకుండా మరొకరిని చూపించాలన్న నిబంధన కూడా ఆ ఒప్పందంలో ఉంటుంది. ఇంటర్వ్యూలో రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి కోసం ఎంత శ్రమ పడినా కన్సల్టెన్సీకి దక్కేది సున్నా.

చేరితేనే ఫీజు అన్న ఈ ఒక్క షరతు నుంచే పైన చెప్పిన ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం దొరుకుతుంది. అదే ఉద్యోగానికి మరో రెండు మూడు కన్సల్టెన్సీలు కూడా మనుషులను వెతుకుతుంటాయి కాబట్టి, సరైన రెజ్యూమెను ముందుగా పంపినవారిదే గెలుపు. అందుకే అంత తొందర. తొందర ఎక్కువైనచోట జావాకూ జావాస్క్రిప్ట్‌కూ తేడా చూసే తీరిక ఉండదు. అభ్యర్థి ఎంపిక కాలేదని తెలిసిన క్షణం నుంచి ఆ అభ్యర్థిపై వెచ్చించే ప్రతి నిమిషమూ ఆదాయం లేని నిమిషమే కాబట్టి ఫోన్ ఆగిపోతుంది. దీన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. రెండు వాక్యాల సందేశం పంపడానికి ఎవరికైనా తీరిక ఉంటుంది. కానీ ఆ మౌనాన్ని మన సామర్థ్యంపై వచ్చిన తీర్పుగా తీసుకోవడం పొరపాటు.

మరో నమ్మకాన్ని కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. ఫీజు జీతంలో శాతం కాబట్టి నా జీతం ఎంత పెరిగితే కన్సల్టెన్సీకి అంత లాభం, కనుక వారు నా తరఫున గట్టిగా బేరమాడతారని చాలామంది అనుకుంటారు. లెక్క అలా తేలదు. 12 లక్షల ఆఫర్‌ను 13 లక్షలకు పెంచితే అభ్యర్థికి ఏడాదికి లక్ష పెరుగుతుంది, కన్సల్టెన్సీకి పెరిగేది 8,330 రూపాయలు. ఆ బేరంలో కంపెనీ విసిగి వేరొకరిని తీసుకుంటే కన్సల్టెన్సీ పోగొట్టుకునేది లక్ష. ఎనిమిది వేల కోసం లక్షను పణంగా పెట్టే వ్యాపారి ఎవరూ ఉండరు. అందువల్ల రిక్రూటర్ సహజంగా కోరుకునేది ఎక్కువ జీతం కాదు, త్వరగా కుదిరే జీతం. అలాగని వారు పనికిరారని కాదు. కంపెనీ బడ్జెట్ ఎంత, ఇదే ఉద్యోగానికి ముందు వచ్చినవారు ఏ అంకె దగ్గర ఆగిపోయారు, మేనేజరు ఎంత అవసరంలో ఉన్నారు అన్నవి వారికి తెలుసు, మనకు తెలియవు. కాబట్టి బేరం బాధ్యత వారికి అప్పగించకుండా, బేరానికి కావలసిన సమాచారం వారి నుంచి రాబట్టుకోవడం మేలు. "ఈ బ్యాండ్‌లో (ఉద్యోగానికి కంపెనీ పెట్టుకున్న జీతం పరిధిలో) పై హద్దు ఎంతవరకు ఉంది?" అని అడిగితే కచ్చితమైన అంకె రాకపోయినా, మనం అనుకున్న అంకె దానికి లోపల ఉందో బయట ఉందో చెప్పడానికి వారికి అభ్యంతరం ఉండదు. ఎందుకంటే హద్దు దాటిన అభ్యర్థిని చివరిదాకా నడిపించడం వారికే నష్టం.

కంపెనీలోపలి రిక్రూటర్ల కష్టం వేరు. వారికి కమీషన్ ఉండదు గానీ, ఒక ఖాళీ ఎన్ని రోజుల్లో నిండింది, ఆఫర్ తీసుకున్నవారిలో ఎంతమంది నిజంగా చేరారు అన్న కొలతలు ఉంటాయి. ఈ రెండో కొలత మన ఐటీ రంగంలో ఒక పెద్ద తలనొప్పి. దానికి కారణం నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో పనిచేయవలసిన కాలం. పెద్ద సర్వీసెస్ కంపెనీలు చాలాకాలంగా 90 రోజుల నోటీసు అడుగుతున్నాయి. ఆఫర్ చేతికి వచ్చాక మూడు నెలలు ఖాళీగా ఎదురుచూడటం ఎందుకని అభ్యర్థి మరిన్ని ఇంటర్వ్యూలకు వెళతారు. మొదటి ఆఫర్ చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది పెంచుకుంటారు. చివరికి ఒకచోటే చేరతారు. మిగిలిన కంపెనీల్లో ఆ ఖాళీలు మూడు నెలల తర్వాత మళ్లీ మొదటికి వస్తాయి. దీనికి విరుగుడుగా కంపెనీలు వెంటనే చేరగలవారినే అడగడం మొదలుపెట్టాయి. వెంటనే చేరగలగాలంటే ముందుగా రాజీనామా చేయాలి కాబట్టి, చేతిలో ఏ ఆఫరూ లేకుండానే కాగితం పెట్టేవారు పెరిగారు. 90 రోజుల నిబంధన పెట్టిన కంపెనీయే తన దగ్గరికి వచ్చేవారిని మాత్రం పదిహేను రోజుల్లో రమ్మనడం ఇందులోని వింత.

ఈ పరిస్థితిలో రిక్రూటర్ అడిగే "మీ దగ్గర ఇంకేమైనా ఆఫర్లు ఉన్నాయా?" అన్న ప్రశ్న కుతూహలం వల్ల వచ్చింది కాదు, అది నష్టాన్ని ముందే అంచనా వేసుకునే ప్రయత్నం. దీనికి ఏమని జవాబు చెప్పాలన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. ఆఫర్ ఉంటే ఉందని చెప్పాలి, కంపెనీ పేరు చెప్పవలసిన పని లేదు, లేని ఆఫర్‌ను మాత్రం సృష్టించకూడదు. ఉందని చెబితే చాలా కంపెనీలు ఆఫర్ లెటర్ చూపించమంటాయి. అలాగే చివరి పనిదినం ఎప్పుడో, నోటీసు కొనుగోలుకు, అంటే మిగిలిన నోటీసు రోజులకు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లడానికి ప్రస్తుత కంపెనీ ఒప్పుకుంటుందో లేదో, ఒప్పుకుంటే ఆ డబ్బు కొత్త కంపెనీ భరించాలో లేదో మొదటి సంభాషణలోనే తేల్చుకోవాలి. "మాట్లాడి తగ్గించుకుంటాను" అన్న హామీతో ముందుకు వెళ్లి, తీరా ఆఫర్ వచ్చాక మేనేజరు విడుదల చేయలేదని చెప్పేవారు ఎంతమందో రిక్రూటర్లకు తెలుసు. తేదీ కచ్చితంగా చెప్పగలిగిన అభ్యర్థి నైపుణ్యంలో ఒక మెట్టు తక్కువగా ఉన్నా, ముందుకు కదిలే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని, పట్టించుకోనందువల్ల ఎక్కువ నష్టపోయే విషయానికి వద్దాం. కన్సల్టెన్సీ ఒక అభ్యర్థి రెజ్యూమెను కంపెనీ సిస్టమ్‌లో చేర్చిన క్షణం నుంచి, ఒప్పందాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో, ఆ అభ్యర్థి ఆ కంపెనీలో చేరితే ఫీజు తమదేనని చెప్పుకునే హక్కు ఆ కన్సల్టెన్సీకి ఉంటుంది. అదే మనిషి రెజ్యూమె రెండో కన్సల్టెన్సీ ద్వారా కూడా వస్తే సిస్టమ్ దాన్ని డూప్లికేట్‌గా చూపిస్తుంది. ఫీజు ఎవరికి చెల్లించాలన్న తగవులో తలదూర్చడం ఇష్టంలేని కంపెనీ, కొన్నిసార్లు ఆ అభ్యర్థినే పక్కన పెడుతుంది. అంతేకాదు, ఆ కంపెనీలో పనిచేస్తున్న స్నేహితుడు రిఫర్ చేద్దామనుకున్నా, కన్సల్టెన్సీ ద్వారా ముందే వచ్చిన పేరు కాబట్టి ఆ రిఫరల్ చెల్లకపోవచ్చు. ఎక్కువ దారుల్లో ప్రయత్నిస్తే అవకాశాలు పెరుగుతాయన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

కాబట్టి కంపెనీ పేరు, ఉద్యోగ వివరణ తెలియకుండా రెజ్యూమె పంపడానికి అంగీకరించకూడదు. కంపెనీ పేరు ముందే చెబితే అభ్యర్థి నేరుగా దరఖాస్తు చేసుకుంటారేమోనన్న భయం కన్సల్టెన్సీకి ఉంటుంది, అది అర్థం చేసుకోదగినదే. అయినా పంపే ముందు పేరు చెప్పాలని, తన నుంచి "ఈ ఉద్యోగానికి నా ప్రొఫైల్ పంపడానికి అంగీకరిస్తున్నాను" అన్న ఒక ఈమెయిల్ తీసుకున్న తర్వాతే పంపాలని అభ్యర్థి పట్టుబట్టవచ్చు. అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు చూసుకునే మనవాళ్లకు ఇది బాగా అలవాటైన పద్ధతే. అక్కడ వెండర్లు (మనుషులను సరఫరా చేసే సంస్థలు) ఆర్‌టీఆర్ (రైట్ టు రిప్రజెంట్, అభ్యర్థి తరఫున ప్రొఫైల్ పంపే హక్కు) పేరుతో రేటు, క్లయింటు, ఉద్యోగం వివరాలు రాసి ఈమెయిల్‌లో అంగీకారం తీసుకున్నాకే ప్రొఫైల్ ముందుకు పంపుతారు. ఇక్కడ ఆ ఆనవాయితీ బలంగా లేదు కాబట్టి, ఏ కంపెనీకి ఎవరి ద్వారా ఏ తేదీన రెజ్యూమె వెళ్లిందో అభ్యర్థే ఒక ఎక్సెల్ షీట్‌లో రాసిపెట్టుకోవడం మంచిది. నేరుగా దరఖాస్తు చేసుకోవాలనుకున్న కంపెనీలు, స్నేహితులున్న కంపెనీలు ఏవో కూడా ముందే రిక్రూటర్‌కు చెప్పి, వాటికి పంపవద్దని కోరవచ్చు.

పంపే రెజ్యూమె కూడా మనం ఇచ్చినదే అయ్యుండాలి. క్లయింటు నమూనాలో పెట్టడం కోసం కన్సల్టెన్సీలు రెజ్యూమెను తిరగరాస్తుంటాయి. ఫోన్ నంబరు తీసేసి తమ లోగో పెట్టుకోవడం వరకు సరే. కానీ రెండేళ్ల అనుభవం నాలుగేళ్లు కావడం, తాకని టూల్ పేరు జాబితాలో చేరడం కూడా జరుగుతుంటుంది. ఇంటర్వ్యూలో ప్యానెల్ ముందున్న కాగితంలో ఏముందో అభ్యర్థికి తెలియకపోతే పరువు పోయేది కన్సల్టెన్సీది కాదు. అందువల్ల పంపిన తుది ప్రతిని తనకూ పంపమని అడగాలి. అమీర్‌పేట, కూకట్‌పల్లి ప్రాంతాల్లో దొంగ అనుభవ పత్రాలు అమ్మేవారి సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి దాని గురించి ఒక్క మాట చాలు. 2014 నుంచి భవిష్యనిధి (పీఎఫ్) ఖాతాలన్నీ యూఏఎన్ అనే ఒకే నంబరు కిందికి వచ్చాయి; ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో కనిపిస్తుంది; ఏ యజమాని జీతం నుంచి ఎంత పన్ను కోసి (టీడీఎస్) కట్టారో ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. నేపథ్య తనిఖీ చేసే సంస్థలు ఈ రెండింటినీ అడగడం ఇప్పుడు మామూలైపోయింది.

జీతం గురించి మాట్లాడేటప్పుడు రిక్రూటర్ సీటీసీ భాషలో మాట్లాడతారు, అభ్యర్థి మనసులో మాత్రం చేతికి వచ్చే జీతం ఉంటుంది. అపార్థాలన్నీ ఆ సందులోనే పుడతాయి. ఒక ఉదాహరణ చూద్దాం. 18 లక్షల సీటీసీ అని ఆఫర్ వచ్చిందనుకుందాం. అందులో పది శాతం వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే భాగం), అంటే 1,80,000. జాయినింగ్ బోనస్ లక్షను కూడా అందులోనే కలిపారు. మూల వేతనం 9 లక్షలైతే, దాని మొత్తంపై పీఎఫ్ లెక్కించే సంస్థలో యజమాని వాటా 12 శాతం చొప్పున 1,08,000. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద మూల వేతనంలో 4.81 శాతం చొప్పున మరో 43,290. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 13,68,710, అంటే నెలకు దాదాపు 1,14,000. దాని నుంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 9,000, ఆపైన ఆదాయపు పన్ను పోవాలి. 18 లక్షలను పన్నెండుతో భాగించి నెలకు లక్షన్నర అనుకున్నవారు మొదటి నెల పే స్లిప్ చూసి నివ్వెరపోతారు. జాయినింగ్ బోనస్ రెండో ఏడాది రాదు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా ఉంటుంది. అందువల్ల తన ప్రస్తుత జీతం చెప్పేటప్పుడు ఫిక్స్‌డ్ ఇంత, వేరియబుల్ ఇంత అని విడివిడిగా చెప్పి, ఆఫర్‌లో కూడా అదే విభజనను రాతపూర్వకంగా అడగాలి. ఫోన్‌లో చెప్పిన అంకెను నమ్మి రాజీనామా చేయడం అవివేకం.

ప్రస్తుత జీతం చెప్పకుండా ఉండవచ్చా అన్నది తరచుగా వచ్చే సందేహం. కాలిఫోర్నియాలో 2018 నుంచి అభ్యర్థి పాత జీతం అడగడాన్నే యజమానులకు నిషేధించారు. ఇక్కడ అలాంటి రక్షణ లేదు, పైగా చివరి మూడు నెలల పే స్లిప్పులు అడగడం రివాజు. చెప్పకపోతే చాలాచోట్ల ప్రక్రియ అక్కడే ఆగిపోతుంది, పెంచి చెబితే పత్రాల దగ్గర దొరికిపోతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తాను అడిగే అంకెకు పాత జీతం కాకుండా మార్కెట్ రేటు, కొత్త బాధ్యత ఆధారమని వివరించడమే మిగిలిన దారి. పాత జీతంపై ముప్పై శాతం పెంపు అన్న సూత్రం తక్కువ జీతంతో మొదలుపెట్టినవారిని ఎప్పటికీ వెనకే ఉంచుతుంది. దాన్ని ప్రశ్నించే హక్కు అభ్యర్థికి ఉంది.

ఇల్లు అద్దెకు చూపించే బ్రోకరు యజమాని నుంచీ, అద్దెకు వచ్చేవారి నుంచీ కూడా కమీషన్ తీసుకుంటాడు. రిక్రూటర్ వ్యాపారం అలాంటిది కాదు. ఇందులో చెల్లించేది కంపెనీ మాత్రమే. ఉద్యోగార్థుల నుంచి రుసుము వసూలు చేయరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడికలోని మూల సూత్రం. రిజిస్ట్రేషన్ అని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని, శిక్షణ ఖర్చు అని, తిరిగి వచ్చే సెక్యూరిటీ అని ఏ పేరుతో డబ్బు అడిగినా సంభాషణ ముగించవచ్చు. దీనికి చట్టం గుర్తించిన మినహాయింపు ఒకటి ఉంది. గల్ఫ్ వంటి దేశాలకు కార్మికులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి, వారు అభ్యర్థి నుంచి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో అప్పులు చేసి అంతకు ఎన్నో రెట్లు సబ్ ఏజెంట్ల చేతిలో పెట్టినవారి కథలు కొత్తవి కావు. ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు, వలస కార్మికుల రక్షణ చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అధికారి హైదరాబాద్ కార్యాలయంలో అడగవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకునే వీలుంది. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి విషయంలో, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న కాలానికి కూడా యజమాని జీతం చెల్లించాలని అక్కడి నిబంధనలు చెబుతున్నాయి. బెంచ్ కాలానికి జీతం లేదని ముందే చెప్పే కన్సల్టెన్సీ తన చట్టవిరుద్ధతను తానే చెప్పుకుంటోందన్నమాట.

మౌనం విషయానికి తిరిగి వస్తే, ఇంటర్వ్యూ ముగిసిన రోజునే "ఫలితం ఎప్పటికి తెలుస్తుంది?" అని అడిగి, ఆ తేదీ దాటిన మర్నాడు ఒక చిన్న సందేశం పంపడం సరిపోతుంది. ఇంటర్వ్యూలో ఏమేం అడిగారో, ఎక్కడ తడబడ్డామో రిక్రూటర్‌కు అదే రోజు చెప్పడం కూడా మంచిదే. ప్యానెల్ అభిప్రాయం వారికి చేరేలోపు మన వైపు వివరణ వారి దగ్గర ఉంటుంది, పైగా తర్వాతి రౌండ్‌కు ఏం చదువుకోవాలో కొందరు మనసుపెట్టి చెబుతారు. తాము పంపిన మనిషి ఎంపిక కావాలని అభ్యర్థితో సమానంగా కోరుకునేది ఆ దశలో వారొక్కరే.

ఉద్యోగంలో చేరాక కూడా రిక్రూటర్ నుంచి మొదటి నెలల్లో క్షేమ సమాచారాలు అడిగే ఫోన్లు వస్తుంటాయి. మానేస్తే మరొకరిని చూపించవలసిన రీప్లేస్‌మెంట్ గడువు ముగియలేదు కనుక అవి వస్తాయని ఇప్పుడు పాఠకులకు చెప్పనవసరం లేదు. అయితే ఆ గడువు అభ్యర్థికి కూడా ఉపయోగపడుతుంది. చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి అయినా, హైదరాబాద్ అని చెప్పి వేరే ఊరికి పంపుతున్నా, రిక్రూటర్ మాట కంపెనీలో చెల్లుబాటయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ రెండు మూడు నెలల్లోనే. ఆ తర్వాత మళ్లీ ఉద్యోగం మారాలనుకున్నప్పుడు మాత్రం అదే కన్సల్టెన్సీ సహాయం చేయలేకపోవచ్చు. తాము చేర్చిన మనిషిని అదే క్లయింటు నుంచి బయటికి తీసుకుపోరాదన్న నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది కాబట్టి, అప్పటికి మరో రిక్రూటర్‌తో పరిచయం ఉండటం అవసరమవుతుంది.